మూసేదెవరు?

కొత్తగా వచ్చిన గంగాధరరావు మీద విక్రమ్‌కు మొదటిరోజే అనుమానం పుట్టింది.

నాచారంలో బేరింగుల గోడౌన్ మీద చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. గంగాధరరావు యాభై దాటిన మనిషి, కాకినాడ యాస. ఎందుకు వచ్చాడో ఓనర్ గోపాలరావు చెప్పలేదు. తెచ్చి తెచ్చి విక్రమ్ పక్కనే కూర్చోబెట్టాడు.

రోగులకు వరుస నంబర్లిచ్చే టోకెన్ల ప్రోగ్రాం, విక్రమ్ రాసింది, ఉప్పల్ దవాఖానాలో మాటిమాటికీ ఆగిపోతోంది. ఇంకోసారి ఆగితే వేరే కొలువు చూసుకొమ్మన్నాడు గోపాలరావు. ఇంతలో ఈయన దిగాడు. చీమలు పెట్టిన పుట్ట పాములకిరవంటే ఇదే మరి!

"టోకెన్ టోకెన్‌కూ ఒక డేటాబేస్ కనెక్షన్ తెరిచారు సరే, మూసేదెవరు బాబూ?" అడిగాడు గంగాధరరావు.

"నేనెందుకు మూయాలె? కంప్యూటర్ల గార్బేజ్ కలెక్టర్ ఉంటది, పని అయిపోయిన చెత్తంత అదే వచ్చి ఊడ్చుకపోతది."

"ఎప్పుడొస్తుంది?"

"దానికి బుద్ధి పుట్టినప్పుడు! నాకు నేర్పిస్తున్నరా సార్?"

"చెత్తయితే అందాకా ఉన్నా ఫర్వాలేదు బాబూ. విప్పిన కుళాయిలు అలా వదిలేస్తే వెనకొచ్చేవాళ్లకి నీళ్లెలాగ?"

విక్రమ్ మొహం తిప్పుకున్నాడు.

మర్నాడు అందరూ భోజనానికి దిగారు. విక్రమ్ మాత్రం సగం మెట్ల నుంచి వెనక్కొచ్చాడు. అనుకున్నంతా అయింది. గంగాధరరావు తన కోడ్ తెరిచి టకటకా కొడుతున్నాడు.

"నా కోడ్‌ల ఏం పెడుతున్నరు? నా కడుపు కొట్టనీకి వచ్చిన్రా?"

ఆయన కుర్చీలోంచి లేచాడు. టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకున్నాడు.

"నా పని అయిపోయింది బాబూ. వెళ్లొస్తాను."

పీడ విరగడైందనుకున్నాడు విక్రమ్. ఆయన రాసిందంతా పక్కన పడేసి పాత కోడే ఎక్కించాడు.

తెల్లారి దవాఖానా నుంచి ఫోన్. టోకెన్ కౌంటర్ శాంతాబాయి అరుస్తోంది.

"మళ్ల బందయింది విక్రమన్నా! నిలబడలేక కడుపుతోటున్న పిల్ల మెట్ల మీదనే కూలబడ్డది. జల్ది జెయ్యి!"

గంగాధరరావు రాసింది విక్రమ్ తీసి చూశాడు. ఒక్క దొంగపనీ లేదు. తను తెరిచిన ప్రతి కనెక్షన్‌నూ పని కాగానే మూసే లైన్లు, అంతే. అదే తిరిగి ఎక్కించాడు. క్యూ కదిలింది.

సిగ్గుతో చచ్చిపోతూ గోపాలరావు గదిలోకి పరిగెత్తాడు.

"సార్, గంగాధరరావు సార్‌ను ఎట్లన్న జేసి పిలిపియ్యుండ్రి. అనరాని మాట అన్న."

"ఇంకెందుకొస్తడు? కంపెనీ మూతబడి కొలువు పోయిన మనిషి. నిన్ను తీసేసి నీ కుర్సీల కూసోబెడదామనే పిలిపిచ్చిన."

గోపాలరావు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"'తలుపెయ్యడం మరిచాడని పిల్లాణ్ణి ఇంట్లోంచి గెంటేస్తామా, ఆ కుర్చీ అతనిదే' అని చెప్పి పోయిండు."