పన్నెండో సీసా

"మూత తీయమంటారా అండీ?" అని అడిగింది సింధూర.

తీయమన్నట్టు తలూపాడు కౌండిన్య. పరీక్షించడానికి హైదరాబాదు నుంచి వచ్చిన నిపుణుడాయన. ఆయన సంతకం పడకపోతే సింధూర ఐదేళ్ళ పరిశోధనకి ఈ నెలాఖరుతో గడువు చెల్లు.

తాడేపల్లిగూడెం కాలేజీ ల్యాబులో ఆమె గైడు భీమశంకరం పక్కనే నిలబడ్డాడు. నూనె మీద పనిచేసే ఎంజైము నీళ్ళలో తప్ప బతకదు. నూనే నీళ్ళూ ఒకచోట ఇమడవు. సన్నటి పొడి వేసి గిలకొడితే రేణువులు నీటిబొట్ల చుట్టూ దడి కడతాయి, ఎంజైము ఆ దడి వారన కాపురం పెడుతుంది. అందుకని భీమశంకరం పెదపాడు మిల్లు నుంచి ఊక బూడిద తెప్పించి, జల్లించి, తవుడు నూనెలో కలిపించాడు. గూడెం మొత్తానికి అంత సన్నటి జల్లెడ ఇంకోటి లేదని అటెండరు సుబ్బలక్ష్మి కూడా ఒప్పుకుంది.

పదకొండు సీసాల్లో కలిపింది తెల్లారేసరికి పాలలా విరిగింది. బూడిదలో పోసిన పన్నీరంటే ఏమిటో భీమశంకరానికి పదకొండుసార్లు తెలిసొచ్చింది. మే నెలలో కలిపిన పన్నెండోది మాత్రం నలభై రోజులుగా చెక్కుచెదరలేదు. రంగు కాస్త పసుపు. తవుడు నూనె గుణమన్నాడాయన.

కౌండిన్య సీసా ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సైన్సుకి కరిగే మనిషి ఇన్నాళ్ళకి దొరికాడని భీమశంకరం కూడా దగ్గరికొచ్చి కళ్ళొత్తుకున్నాడు.

"బాగుందమ్మా. నా ఎదురుగా ఇంకోటి కలిపితే సంతకం పెట్టేస్తాను," అన్నాడు కౌండిన్య ముక్కు తుడుచుకుంటూ.

అదే బూడిద, అదే నూనె, అదే జల్లెడ. పైగా పెద్దాయన వస్తున్నారని సుబ్బలక్ష్మి సామానంతా తళతళా తోమి పెట్టింది. పావుగంటలో నూనే నీళ్ళూ విడాకులు పుచ్చుకున్నాయి. సింధూర మొహం బూడిద రంగుకి తిరిగింది.

కౌండిన్య పెన్నుకి మూత పెట్టేశాడు. "అప్పుడు చేసి ఇప్పుడు చేయనిది ఏదో ఉందండీ. అదేంటో తేలిస్తే చాలు."

సింధూర నోటు పుస్తకం మూడుసార్లు తిరగేసింది. అందులో ఏమీ లేదు. మే నెలలో ఈ సామాను ఎవరైనా ముట్టుకున్నారా అని భీమశంకరం సుబ్బలక్ష్మిని అడిగాడు.

ఆవిడ జల్లెడ వంక చూసి, కొంగు వేలికి చుట్టుకుంది.

"తిట్టనంటే చెబుతానండి."

తిట్టనన్నాడు.

"ఆవకాయకి ఆవపిండి అందులోనే జల్లించానండి."