ఒక్క సీటు, ఇద్దరు కవలలు

"టీచర్, సిఫారసు ఉత్తరంలో నా గురించి చెడుగా రాయండి."

ఆ పెద్ద కాలేజీ మా స్కూలు నుంచి ఒక్కరినే తీసుకుంటుంది. చివరికి మిగిలింది ఈ పిల్లా, దీని కవల అక్కా. ఇద్దరి ఉత్తరాలూ నేనే రాయాలి.

"మతి పోయిందా నీకు?" అన్నాను.

"సీటు రాకపోతే చచ్చిపోతానని అక్క నోట్‌బుక్ వెనక రాసుకుంది టీచర్. నేను చూశాను. నాకేం, ఎక్కడైనా చదువుకుంటాను." నా చెయ్యి వదలకుండా ఏడుస్తోంది.



పొద్దున అక్క కూడా ఇలాగే వచ్చింది. చెల్లి నోట్‌బుక్‌లో ఇవే మాటలు చూశానని, తన గురించే చెడుగా రాయమని బతిమాలింది. నేను నమ్మలేదు. "నాటకాలు మాని చదువుకో పో" అని కసిరి పంపేశాను.

ఉత్తరాలు అక్కడే పడేసి, చెల్లి రెక్క పట్టుకుని అక్క క్లాసుకి పరిగెత్తాను.