ఇరవయ్యో పేరు

కెంటకీలోని ఆ చిన్న కాలేజీ ఆఫీసులో ఓపల్ పేర్లు మూడోసారి లెక్కపెట్టింది. వెల్డింగ్ నేర్చుకుని ఉద్యోగం ఖాయమైనవాళ్లు ఇరవైమంది ఉండాలి, పంతొమ్మిదిమందే తేలారు. మధ్యాహ్నంలోగా ఇంకొకరు దొరక్కపోతే గ్రాంటు ఆగిపోతుంది, వర్క్‌షాపు మూతపడుతుంది.

అక్కడే వెల్డింగ్ నేర్చుకున్న కూతురు రెట్టా వెల్డింగ్ హెల్మెట్ చంకన పెట్టుకుని లోపలికొచ్చింది.

"అలబామా ఓడల కంపెనీవాళ్లు ఉద్యోగానికి రమ్మని మళ్లీ ఫోన్ చేశారటే?" అడిగింది ఓపల్.

"రానని చెప్పేశాను. ఇక హాయిగా నిద్రపో."

"నేనెప్పుడు వద్దన్నానే?"

"అనలేదులే. అక్కడికి ఎన్ని మైళ్లో, ఏటా ఎన్ని తుపాన్లొస్తాయో వారం నుంచి రోజూ పొద్దున్నే వడ్డిస్తున్నావు. మరి అదేంటి?"

ఓపల్ నవ్వబోయింది, నవ్వు రాలేదు. పిల్లకు తను జాగ్రత్తలు చెబుతున్నాననుకుంది ఇన్నాళ్లూ.

ఫోన్ అందుకుని ఆ కంపెనీకి కలిపింది.

"నేను రెట్టా తల్లినండీ. రానన్నది తను కాదు, నేను. ఖాళీ ఉందా ఇంకా? అయితే సోమవారం వచ్చి చేరుతుంది."

రెట్టా నోరు తెరుచుకుని చూస్తోంది. "అమ్మా, గ్రాంటు కోసమా?"

"గ్రాంటు మొహం!" ఫోన్ పెట్టేసి ఓపల్ కళ్లు తుడుచుకుంది. "తొందరపడ్డానే. మంగళవారం అనాల్సింది."