బోనులో ఉన్నోడికి పిలుపు

ఒక ఉడత శెనక్కాయలు దొంగిలించిందని ఎవరో చెబితే కింది కోర్టు జడ్జి నక్క నమ్మింది. ఉడత మాట వినకుండానే బోనులో వేయించింది. ఉడత పెళ్లాం ఏడ్చుకుంటా పైకోర్టు జడ్జి తాబేలు కాడికి పోయింది.

"అయ్యా, నా మొగుడు చెప్పేది ఒక్కసారి వినండి."

"వింటాంలేమ్మా. తొందరేంది? వానలు పోయినాక రా."

వానలు పోతే ఎండలంది, ఎండలు పోతే మళ్లీ వానలంది. అట్టా నాలుగేళ్లు పోయినయ్. బోనులో ఉడత తోక వెంట్రుకలన్నీ రాలిపోయినయ్.

ఆఖరికి ఒకరోజు చిలక బంట్రోతు కోర్టు గుమ్మంలో నిలబడి ఉడత పేరు మూడుసార్లు కేకేసింది.

"పలకలేదయ్యా!" అంది చిలక.

"రానోడి మాట ఎట్టా వింటాం? అప్పీలు కొట్టేశా," అంది తాబేలు.

"మీ బోనులోనే ఉన్నాడు గదయ్యా! తలుపు తీస్తే గదా వచ్చేది?" అంది ఉడత పెళ్లాం.

"గెలిచినోళ్లకే తలుపు తీస్తామమ్మా," అని తాబేలు తల లోపలికి లాక్కుంది.