చిరిగిన దుప్పటి

ఆస్పత్రి గడప దగ్గరే కూలబడ్డాడు దొర. తోక పొట్ట కిందికి ముడుచుకుని గడగడా వణుకుతున్నాడు.

లోపల ఎవరిదో కుక్క కెవ్వుమంది. అంతే, రెండు నెలల శ్రమ ఒక్క అరుపుతో గంగపాలైంది.

"రా నాన్నా, ఏం కాదురా," అంటూ టైలరు ఉడికించిన లివరు ముక్క చూపించాడు. లివరంటే ప్రాణం పెట్టే కుక్క మొహం పక్కకి తిప్పుకుంది.

పశువుల డాక్టరమ్మ బయటికొచ్చి, దొరకేసి చూడకుండా కొంచెం ఎడంగా నేల మీద చతికిలబడింది. దొరకి గిట్టదని తెల్లకోటు వేసుకోవడం ఎప్పుడో మానేసింది.

"ఇవాళ్టికి వదిలెయ్యండి. లాక్కెళ్తే ఇంకా బెదిరిపోతాడు."

"సోమవారం తీసుకురానా అమ్మా?"

"మాత్రలకి నొప్పి ఆగట్లేదండీ. ఆ కాలు నేలకి మోపలేకపోతున్నాడు, చూస్తున్నారుగా. రేపటిదాకా చూస్తాను. ఆ తర్వాత నలుగురు పట్టుకుని అయినా సరే, ఆ సూది వేసెయ్యాల్సిందే."

టైలరు దొర తల నిమిరాడు. "ఆ సూది పడితే ఇక నొప్పి ఉండదుగా?"

"ఉండదు," అంది డాక్టరమ్మ.

దొర వెనక్కాలి ఎముకలో నయం కాని గడ్డ ఉందని తేలినరోజు టైలరు కోరింది ఒకటే. వాణ్ని ఎవరూ అదిమిపట్టకూడదు. ఆరేళ్ల కిందట, వేరే ఊళ్లో, అంతకుముందు పెంచిన కుక్క ఎర్రోడికి ఆఖరి సూది అలాగే వేశారు. మూతికి గుడ్డ కట్టి నలుగురు నొక్కిపట్టారు. తల పట్టుకున్నది టైలరే. ఎర్రోడు తనకేసి చూసిన చూపు ఇప్పటికీ అన్నం ముందు కూర్చున్నా గుర్తొస్తుంది.

"మాత్రలతో రెండు నెలలు నెట్టుకురావచ్చు. ఈలోగా నేర్పుదాం," అంది డాక్టరమ్మ అప్పట్లో.

నేర్పారు. మొదటి వారం ఆస్పత్రి గేటు దాకా వెళ్లి, ఓ ముక్క తిని వచ్చేయడమే. రెండో వారం వరండాలో పరిచిన చాప దాకా. ఇంట్లో "కాలు" అనగానే దొర ముందుకాలు చాచాలి, దాని మీద సూదిలా పెన్ను మూత ఆనించాలి, ముక్క పెట్టాలి. రోజుకి పదిసార్లు.

"పెళ్లయి ముప్ఫయ్యేళ్లు. నా చెయ్యి ఒక్కసారైనా అంత మెల్లగా పట్టుకున్నావా?" అని ఇంటావిడ దెప్పేది. దెప్పుతూనే లివరు ఉడికించేది.

దొరగారు ఇంట్లో ఫస్టు క్లాసు. ఆస్పత్రి గడప చూస్తే చదువంతా సున్నా. మత్తు పొడి చల్లిన లివరు పెడితే, పొడి అంటిన ముక్కలన్నీ ఏరి ఉమ్మేశాడు. పోనీ అని డాక్టరమ్మే ఇంటికొస్తే మంచం కిందికి దూరి మూడు రోజులు బయటికి రాలేదు.

ఆ సాయంత్రం కొట్లో కుట్టుమిషను ముందు కూర్చున్నాడే గానీ టైలరుకి కుట్టు మీద కుట్టు పడటం లేదు. దొర ఎప్పట్లాగే మిషను కింద, ఆయన ఎడమపాదం మీద తల పెట్టుకుని పడుకున్నాడు. ఎవరో పంట్లాము తెచ్చారు. దొర తోక దాటి వచ్చి, పొడవు తగ్గించమని చెప్పి వెళ్లారు. దొర కన్ను కూడా తెరవలేదు. ఇంటికొచ్చేవాళ్లంటే హడలిపోయే కుక్కకి కొట్టుకి వచ్చేవాళ్లంటే లెక్కే లేదు.

టైలరు చటుక్కున ఫోను తీశాడు.

"అమ్మా, మీ ఇంట్లో చిరిగినవేమైనా ఉన్నాయా?"

"ఏంటండీ?"

"రేపు నా కొట్టుకి కుట్టించుకోడానికి రండి. అందరూ వచ్చినట్టే."

మర్నాడు పొద్దున ఇంటావిడ దొరకి మూడు గుడ్లు పెట్టింది. రోజూ ఒకటే. వాడి చెవులు నిమిరి, "నేను రాలేనయ్యా, నువ్వే చూసుకో," అని మొగుడితో చెప్పి వంటింట్లోకి వెళ్లిపోయింది.

పదింటికి డాక్టరమ్మ చిరిగిన దుప్పటి చంకన పెట్టుకుని వచ్చింది. స్టూలు మీద కూర్చుంది. దొర ఒక కన్ను తెరిచాడు. వరండాలో ముక్కలు పెట్టే మనిషేనని గుర్తుపట్టి తోక రెండుసార్లు ఆడించి, మళ్లీ మూసుకున్నాడు.

టైలరు దుప్పటి మిషను మీద పరిచి తొక్కడం మొదలుపెట్టాడు. టకటకటక. ఆమె మెల్లగా నేల మీదికి జారి, ముక్క పెట్టింది. తిన్నాడు. పెన్ను మూత ఆనించింది. ఇంకో ముక్క.

"కాలు," అన్నాడు టైలరు.

దొర ముందుకాలు చాచాడు.

సూది దిగింది. ఎవరూ పట్టుకోలేదు. దొర లివరు నములుతూనే ఉన్నాడు.

టైలరు కళ్ల నుంచి నీళ్లు దుప్పటి మీద జలజలా రాలాయి. "భేష్ రా దొరా! మా నాయనే! ఎంత మంచోడివిరా!" అన్నాడు. పాదం మీద తల బరువుగా ఆనుకుంది. ఆయన ఆపలేదు. మిషనులో దారం అయిపోయింది. అయినా తొక్కుతూనే ఉన్నాడు. వట్టి సూది దుప్పటిని పొడుస్తూనే ఉంది.

డాక్టరమ్మ దొర గుండె మీది నుంచి స్టెతస్కోపు తీసి, తెరిచి ఉన్న వాడి కళ్లు మెల్లగా మూసి, "ఇక మిషను ఆపండి, మీరు కోరుకున్నట్టే భయమన్నది లేకుండా వెళ్లిపోయాడు," అంది.