వాసన పోయేదాకా

“ఏమ్మా, కన్నతండ్రి నూనెకి కూడా పరీక్షా? కళ్ళు మూసుకుని సంతకం పడెయ్!” అన్నాడు మీసాలాయన, వరసలో ఉన్న అందరికీ వినబడేలా.

తండ్రి నమూనాగా బల్లమీద పెట్టిన చిన్న సీసా మూత తీసి, పిట్ట సన్నని అట్టముక్క కొస అందులో ముంచింది. ఇంట్లో పిట్టే అయినా, పుదీనా నూనె కొనే ఈ కేంద్రంలో ఆమె ఇప్పుడు వాసన పరీక్షకురాలు. ఉద్యోగంలో చేరి ఇది రెండో వారం. దగ్గు బిళ్ళలకీ, నొప్పుల బామ్‌కీ, పళ్ళపేస్టుకీ నూనె ఇక్కడినుంచే వెళుతుంది. ఆమె సరేనంటే డబ్బా లోపలికి, కాదంటే వెనక్కి. వెనక్కి వెళితే తెచ్చినవాళ్ళ పేరు గోడమీది నల్లబోర్డుకెక్కి ఏడాదంతా అక్కడే ఉంటుంది.

పోయినవారం మీసాలాయన పేరు ఎక్కింది. ఆ రోజునుంచి ఆయన నోరు మూస్తే ఒట్టు. “మొన్న పుట్టిన పిల్ల ముక్కు ముందు మనం చేతులు కట్టుకు నిలబడాలా? వాళ్ళ నాన్న వంతు రానివ్వండి, బయటపడుతుంది దీని నిజాయితీ!” అని కనబడ్డవాళ్ళందరికీ చెప్పాడు. మరో పదిమంది వంత పాడారు. ఈ గొడవ సద్దుమణగకపోతే నిన్ను మార్చక తప్పదమ్మా అని మేనేజరు కూడా తేల్చేశాడు.

ముప్పై ఏళ్ళుగా బట్టీ పెట్టి నూనె తీస్తున్నా ఆ బోర్డు మీద తండ్రి పేరు ఒక్కసారి కూడా కనబడలేదు. అదంటే పిట్టకి ఎంత గర్వమో! అసలు ఈ ముక్కు ఆయన పెట్టిన భిక్షే. “వాసన చూడ్డం ఎవడైనా చూస్తాడే. పైవాసన పోయేదాకా ఆగాలి. అడుగున ఎవరు దాక్కున్నారో అప్పుడు తెలుస్తుంది” అనేవాడు. ఆమె వృక్షశాస్త్రం చదివి వచ్చి ఆయనకే పాఠం చెప్పింది. పుదీనా, తులసి, మరువం అన్నీ ఒకే కుటుంబమనీ, నలుపలకల కాడ, ఎదురెదురు ఆకులు, పెదవుల్లాంటి పువ్వు వాటి ఇంటి గుర్తులనీ, టేకుచెట్టుని కూడా ఈమధ్యే ఆ కుటుంబంలో కలిపారనీ చెబితే పగలబడి నవ్వాడు. “పుదీనాకి అంత పొడుగు మేనమామ ఉన్నాడా!” అన్నాడు.

అట్టముక్క ముక్కుదాకా రాగానే చల్లటి పుదీనా గుప్పుమంది. ఎవరైనా అక్కడే సంతకం పెట్టేస్తారు. పిట్ట ఆగింది. పావుగంట గడిచింది. మీసాలాయన కావాలని దగ్గాడు. “భలే నాటకం!” అన్నాడెవరో.

పుదీనా పలచబడింది. అడుగునుంచి సన్నగా, వెచ్చగా ఇంకో వాసన తేలింది. లవంగం లాంటి వాసన!

పిట్ట కొత్త అట్టముక్క తీసింది. మళ్ళీ అదే. మూడోది తీసింది. సందేహం లేదు, అడవి తులసి. తండ్రి గట్లమీద తులసి కూడా వేస్తాడు, దాని నూనె కూడా అదే బట్టీలో తీస్తాడు. కడగడం మరిచిపోయాడా? లేక ఆయన ముక్కే మందగించిందా? ఆ ఆలోచనకే ఆమెకి ఏడుపొచ్చింది.

ఊరుకుంటే ఎవరికీ తెలియదు. కలిసింది అంత కొంచెం. సంతకం పెడితే ముప్పై ఏళ్ళ పేరు నిలుస్తుంది. పిట్ట కలం తీసింది, మళ్ళీ బల్లమీద పెట్టేసింది.

“ఇందులో తులసి కలిసింది నాన్నా. తీసుకోవడం కుదరదు.”

“నా నూనెలోనా?” తండ్రి అరుపుకి హాలంతా అదిరింది. “ముప్పై ఏళ్ళలో వేలెత్తి చూపినవాడు లేడు! సరిగ్గా చూడు!”

“మూడుసార్లు చూశాను. తులసే.”

“నలుగురిలో కన్నతండ్రి పరువు తీస్తావా?”

“నువ్వు నేర్పిందే చేశాను నాన్నా.”

ఆయన గిర్రున గుమాస్తా వైపు తిరిగాడు. “రాయవయ్యా! నా పేరు ఇంతింత అక్షరాలతో రాయి. గుమ్మంలోంచే కనబడాలి!” అని డబ్బా ఎత్తుకుని విసవిసా వెళ్ళిపోయాడు.

తర్వాతి వంతు మీసాలాయనది. పావుగంట చూసి, ఈసారి బాగుందని పిట్ట సంతకం పెట్టింది. ఆయన “పోయినవారం కూడా నువ్వు చెప్పిందే నిజం తల్లీ. తప్పు నాదే” అన్నాడు.

సాయంత్రం పిట్ట ఇంటికి బయల్దేరింది. ఏ మొహం పెట్టుకుని గుమ్మం ఎక్కాలి? తీరా వాకిట్లోకి వచ్చేసరికి వంటింట్లోంచి తండ్రి గొంతు ఖంగుమంటోంది.

“గొంతు వణకలేదే! నేనంత గావుకేక పెట్టినా, ‘తులసే’ అంది చూడూ! అదీ, నా కూతురంటే!”

“ఇది నాలుగోసారి చెప్పడం. తప్పుకోండి, కూర మాడుతోంది” అంది తల్లి.

పిట్ట గుమ్మంలోనే నిలబడిపోయింది. “నాన్నా, నామీద కోపం లేదా? బట్టీ కడగడం మరిచిపోయావా?”

“నా బట్టీ మీ అమ్మ గిన్నెలకన్నా శుభ్రం.”

“నా గిన్నెల జోలికి రాకండి!” అంది తల్లి.

“మరి ఆ తులసి ఎక్కడినుంచి వచ్చింది?”

తండ్రి ఆ మాట విననట్టే పీట వాల్చుకుని కూర్చున్నాడు. “మీసాలాయన ఇంకేమైనా కూశాడా?”

“లేదు. తప్పు తనదేనని ఒప్పుకున్నాడు. ఇకమీదట నా మాటే ఆఖరి మాటని మేనేజరు అందరి ముందూ చెప్పాడు.”

తండ్రి ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని తల నిమిరాడు.

“రెండు చుక్కలైతే పట్టుకోలేవేమోనని, సీసాలో మూడు వేశానే.”