పాడె మీది వేషం

"శవం వేషం మా ఆయనకే ఇయ్యాలె సారూ."

ప్రొడక్షన్ మేనేజర్ వాసు చేతిలోని టీ గ్లాసు కింద పెట్టాడు. వేషాలు అడిగేవాళ్ళను అతను చాలామందిని చూశాడు. మునీశ్వరుణ్ణి చెయ్యమంటారు, మంత్రిని చెయ్యమంటారు. ఏదీ కుదరకపోతే గుంపులో ముందు నిలబెట్టమంటారు. మొగుణ్ణి పాడె ఎక్కించమని పెళ్ళాం వచ్చి అడగడం ఇదే మొదలు.

"మీరు రాయచూరులో ఇత్తడి కొట్టు సౌభాగ్యలక్ష్మి గారు కదూ? పూజ సీనుకు బిందెలు మీ దగ్గరే కిరాయికి తెచ్చాం."

"అవ్ సారూ."

"మరి శవమేంటమ్మా? కావాలంటే ఆయనకు పూజారి వేషం ఇస్తాను."

"వద్దు. శవమే గావాలె. ఆయన జాతకంల గండమున్నది. ఒక్కపారి పాడె మీద పండుకుంటే తప్పుతదని యరగేర అయ్యగారు చెప్పిండు."

ఆ మాట వాసుకు వెంటనే తలకెక్కింది. సినిమావాళ్ళను మించి శకునాలు నమ్మేదెవరు? పైగా ఆ వేషానికి ఒప్పుకున్న సూగప్ప, పెళ్ళాం తిట్టిందని పొద్దున్నే కవితాళ బస్సెక్కి మాయమయ్యాడు.

"తీసుకురండి" అన్నాడు.

శక్తినగర్ అవతల, కృష్ణ ఒడ్డున తీస్తున్నారు ఆ అమ్మవారి సినిమా. కథ ఏనాటిదో పురాణకాలం నాటిది. కెమెరా ఎటు తిప్పినా కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు అడ్డం వస్తున్నాయి. చివరికి నీళ్ళవైపు తిప్పి పెట్టుకున్నారు. తండ్రి చనిపోతే చిన్నపిల్ల అమ్మవారికి మొరపెట్టుకుంటుంది. అమ్మవారు వచ్చి బతికిస్తుంది. అదీ ఆ రోజు సీను.

సౌభాగ్యలక్ష్మి భర్తను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. జయరామయ్య ముఖానికి తెల్లరంగు పూశారు. పడుకోమంటే పడుకున్నాడు. కాలి బొటనవేళ్ళు కలిపి కట్టారు. ముక్కులో దూది పెట్టారు. ఎందుకని ఆయన అడగలేదు.

ఏడుపు సీనుకు కూలికి వచ్చిన అంబమ్మ చూడలేకపోయింది. "ఏంది సావుకారమ్మా, తాళి కట్టినోణ్ణి నీ చేత్తోనే పాడె ఎక్కిస్తవా? నీది గుండెనా, రాయా?"

"ఎక్కినోడు దిగుతడు తియ్ అంబమ్మా."

"దిగకుంటే?"

సౌభాగ్యలక్ష్మి వంగి భర్త మెడలోని పూలదండ సరిచేసింది.

కెమెరా తిరిగింది. భక్తురాలి వేషం వేసిన సుప్రీత, ఏడెనిమిదేళ్ళ పిల్ల, పరుగున వచ్చి జయరామయ్య ఎదమీద పడింది.

"నాన్నా! లే నాన్నా! ఒక్కసారి కళ్ళు తెరువు నాన్నా!"

లైట్లు పట్టుకున్నవాళ్ళు కూడా ముక్కులు తుడుచుకున్నారు. అంబమ్మ కూలి సంగతి మరిచి నిజంగానే ఏడ్చింది. సౌభాగ్యలక్ష్మి కళ్ళు మాత్రం పొడిగానే ఉన్నాయి. పూలదండ మీది ఈగ ఒకటి లేచి జయరామయ్య పెదవి మీద వాలింది. మెల్లగా పాకి కంటికొసకు వెళ్ళింది. రెప్ప అదరలేదు.

"కట్!" డైరెక్టర్ కుర్చీలోంచి లేచాడు. "ఏం నటుడయ్యా! ఈగ వాలినా చలనం లేదు. ఏమ్మా, ఇంట్లో కూడా ఇంత బుద్ధిగా ఉంటాడా?"

"ఇంట్ల గూడ గిట్లనే సారూ."

అందరూ ఘొల్లున నవ్వారు.

"సరే పెద్దాయనా, నవ్వి లేవండి" అన్నాడు వాసు. "అది మా ఆచారం. చచ్చినట్టు నటించినవాడు కెమెరా వంక చూసి నవ్వాకే లేవాలి. లేకపోతే ఆ చావు వెంట ఇంటికొస్తుందంటారు."

జయరామయ్య కళ్ళు తెరిచాడు. ఆకాశంలో పొగ సాగిపోతున్నవైపు చూస్తూ ఉండిపోయాడు. నవ్వలేదు.

ఎవరో అరికాళ్ళలో చక్కిలిగింతలు పెట్టారు. అంబమ్మ వంగి, "ఓ సావుకారీ, జర నవ్వు! నువ్వు దిగేదాకా మాకు బువ్వ పెట్టరంట!" అంది. ఆయన ఆమెవంక కూడా చూడలేదు.

డైరెక్టర్‌కు విసుగొచ్చింది. "పోనీ, దింపెయ్యండి. ఎండ తగ్గిపోతోంది."

సౌభాగ్యలక్ష్మి వచ్చి పాడెకు అడ్డంగా నిలబడింది.

"దించొద్దు. నవ్వాలె. నవ్వందే నేను ఇంటికి తోల్కపోను."

"అమ్మా, మా పని..."

"నీ కాళ్ళు మొక్కుత. నవ్వాలె."

ఆమె గొంతు వణకలేదు. ఏదో బజారు బేరం చెప్పినట్టు చెప్పింది. అందుకే కాబోలు, ఆమెను పక్కకు జరపడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

తర్వాతి షాటు కోసం అమ్మవారు అప్పటికే ముస్తాబై కూర్చుంది. వీపుకు రెండు కొయ్య చేతులు కట్టించుకుని ఉంది. "ఉండండి, నేను చెబితే వింటాడేమో" అంటూ కిరీటం సర్దుకుని వచ్చింది. పాడె మీదికి వంగింది.

"లే నాయనా..."

వెనకాల చేతుల్ని కట్టిన పట్టీ పుటుక్కున తెగింది. అభయమిచ్చే కొయ్య చెయ్యి ఊడి దభీమని జయరామయ్య పొట్టమీద పడింది.

 సుప్రీత ఆ చేతిని రెండు చేతులా ఎత్తి, భక్తిగా పైకి అందించింది. "అమ్మవారూ, మీ అభయం ఊడిపోయింది."

దండల కింద జయరామయ్య పొట్ట కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలింది. ఫుస్సున ముక్కులోని దూది ఎగిరిపడింది. ముందు దగ్గేమో అనుకున్నారు. దగ్గు కాదు. పళ్ళన్నీ కనిపించేలా, కళ్ళవెంట నీళ్ళు కారేలా, కట్టిన కాళ్ళు టపటపా కొట్టుకునేలా నవ్వాడాయన.

చప్పట్లు మోగాయి. అమ్మవారూ నవ్వింది. డైరెక్టరూ నవ్వాడు.

"ఇంకేం తల్లీ, గండం గడిచింది" అన్నాడు వాసు. "ఆ అయ్యగారికి పండూ తాంబూలం ఇచ్చి దణ్ణం పెట్టుకోండి."

సౌభాగ్యలక్ష్మి పాడె వెదురు పట్టుకుని ఇసుకలో కూలబడింది.

జయరామయ్య జాతకంలో ఏ గండమూ లేదు. కూతురు శ్రీనిధిని తన చేతులతో మట్టిలో పెట్టి వచ్చిన నాటి నుంచి నవ్వూ మాటా మరిచిన ఆ మనిషి కోసం, శవం నవ్వనిదే సినిమావాళ్ళు వదలరని ఎవరో అనుకుంటుండగా విని, ఆ గండాన్ని సౌభాగ్యలక్ష్మే కల్పించింది.